వేలెడు దూరం

వస్తాదు పైడినాయుడికి పక్షవాతం వచ్చి నోరు పడిపోయేనాటికి ఆయన గొంతు అరవై మూడు కేసెట్లలో భద్రంగా ఉంది. మనిషి మూలపడ్డా విద్య మిగిలిందిలే అని కూతురు గౌరీశ్వరి గుండె దిటవు చేసుకుంది. పాపం, విద్యంతా గొంతులోనే ఉంటుందని ఆమె అనుకోవడంలో వింతేమీ లేదు. చిన్నప్పట్నుంచీ ఆమెకి దక్కింది ఆ గొంతొక్కటే.

విజయనగరం పొలిమేరల్లో వాళ్ళ తాలింఖానా ఉంది. పూర్వం కోటల్లో నేర్పిన కత్తిసాము అక్కడ నేర్పేవారు. మిగతా చోట్ల వస్తాదులు చేసి చూపిస్తారు. ఇక్కడ చెప్పి చేయిస్తారు. చెయ్యి తిరిగిన ఇద్దరు శిష్యులు కత్తీ డాలూ పట్టి బరిలోకి దిగితే వస్తాదు అంచున పీట వేసుకుని కూర్చుంటాడు. "ఊఁ!" అని ఒక్క హుంకారం. అక్కణ్ణుంచి ప్రతి అడుగూ ఆయన నోట జరిగిపోయినట్టే వస్తుంది. "ఎడంకాలు వెనక్కెళ్ళింది. డాలు లేచింది. మణికట్టు తిరిగింది. వంగాడు, జారాడు, లేచాడు... మెడ మీద పడింది!" మాట ముందు, ఒళ్ళు వెనక. ఒక్కో సాముకీ చివర ఒక్కటే వేటు. పన్నెండేళ్ళు అలా వింటే గానీ శిష్యుడు అనిపించుకోడు.

ఆడపిల్ల బరి వైపు చూడకూడదని కట్టడి. పదేళ్ళప్పుడు గౌరీశ్వరి గోడెక్కి తొంగిచూడబోతే తండ్రి జడ పట్టుకుని కిందికి దించాడు. "నీకెందుకే గుంటా ఈ యాపకం? పో, పేడ తియ్యి పో" అన్నాడు. ఆ పిల్ల ఏడ్చుకుంటూ పశువుల సాలలోకి పోయింది గానీ చెవుల్ని మాత్రం గోడకే అంటించి ఉంచింది. పదిహేనో ఏట స్కాలర్‌షిప్పు రాగానే టేప్‌రికార్డరు కొనుక్కుని గోడ మీద పెట్టి, ఎవరికీ తెలియకుండా అన్నీ పట్టేసింది. "మెడ మీద పడింది" అన్నప్పుడల్లా ఎవడి మెడో తెగిపోయిందని ఒళ్ళు జలదరించేది. మర్నాడు చూస్తే ఆ శిష్యుడు నిక్షేపంలా టీకొట్టు దగ్గర పకోడీలు తింటూ కనబడేవాడు. డాలు అడ్డం పెట్టుకున్నాడు కాబోలు అనుకునేది.

నలభై ఆరేళ్ళు వచ్చేసరికి ఆ గోడచాటు పిల్ల విశాఖపట్నంలో ఒక పరిశోధనశాలకి పెద్ద అయింది. చెయ్యి పడిపోయిన రోగుల కోసం ఆమె కనిపెట్టినదాన్ని అందరూ పలుకుపట్టీ అనేవారు. మెడచుట్టూ ఒక పట్టీ, చేతులకీ కాళ్ళకీ నాలుగు బిళ్ళలు. చెవిలో మాట పడ్డప్పుడల్లా ఆ మాటకి తగిన కండని పట్టీ సన్నగా మీటుతుంది. నలభై రోజులు మీటాక పట్టీ తీసేసినా సరే, ఆ గొంతు ఆ మాట అంటే చాలు, చెయ్యి కదులుతుంది. బుర్రని అడగదు.

మొదట బాగుపడింది కాంతమ్మ అనే ముసలమ్మ. ఎనిమిదేళ్ళుగా వేలాడుతున్న చెయ్యి, నర్సు "పట్టు" అనగానే స్టీలు గ్లాసు పట్టుకుంది. గదిలో అందరి కళ్ళూ చెమ్మగిల్లాయి. తీరా మంచినీళ్ళు తాగడం అయ్యాక చూస్తే కాంతమ్మ గ్లాసు వదలడం లేదు. వేళ్ళు తెల్లబడిపోతున్నాయి. నర్సు పరుగున వచ్చి "వదులు" అంటే గానీ వదల్లేదు.

"ఇదేటి సిత్రమమ్మా! నా సెయ్యి నా మాట ఇనదు గానీ నర్సమ్మ మాట ఇంతాది" అని కాంతమ్మ బోసినోటితో నవ్వింది.

గౌరీశ్వరి నవ్వలేదు. నోటుపుస్తకంలో రాసుకుంది: ప్రతి మాటకీ దాని జత మాట నేర్పి తీరాలి. పట్టు అంటే వదులు. ఎత్తు అంటే దించు. అలా రాసుకున్న మనిషే తన ఇంటి దగ్గరికి వచ్చేసరికి మరిచిపోయింది.

ఇంటి సంగతి ఏమిటంటే, తాలింఖానాకి ఇంకో కట్టడి ఉంది. దసరా పదోనాడు ఒక్క జోడీ అయినా బరిలోకి దిగాలి. వరసగా మూడేళ్ళు ఎవరూ దిగకపోతే జెండా దించేసి, కత్తులు తీసుకెళ్ళి అమ్మవారి గుళ్ళో అప్పగించి, బరి దున్నేయాలి. శిష్యులు ఎక్కడెక్కడో ఉద్యోగాలకి పోయారు. వస్తాదు కుర్చీకి అంటుకుపోయాడు. రెండు దసరాలు ఉత్తినే గడిచిపోయాయి. ఇది మూడోది.

"నాన్న బతికుండగా ఆ జెండా దిగడానికి వీల్లేదు" అంది గౌరీశ్వరి. "పట్టీ ఉంది, కేసెట్లున్నాయి. పన్నెండేళ్ళ పని నలభై రోజుల్లో చేయిస్తాను. ఒక జోడీ కావాలి, అంతే."

తమ్ముడు సూరి బస్సు కండక్టరు. పుట్టిన దగ్గర్నుంచీ ఆయాసం మనిషి కావడంతో తండ్రి వాణ్ణి బరిలోకి రానిచ్చిందే లేదు.

"అప్పా, ఇరవయ్యేళ్ళుగా ముందుకి జరగండి, ముందుకి జరగండి అని అరుస్తున్నాను. ఒక్కడూ జరగడు. నీ పట్టీ ఏదో ముందు నా బస్సు జనానికి కట్టు" అన్నాడు సూరి. "మొక్కై వంగనిది మానై వంగుతుందేటి? నలభయ్యేళ్ళోడికి సామేటి?"

"వంగుతావు మావా, నేను వంచుతాను కదా" అంది గౌరీశ్వరి కూతురు హైమ. ఇరవై ఒకటో ఏడు దానికి. తండ్రి పోయాక అమ్మతోపాటు తాతగారింట్లోనే పెరిగింది. మేనమామ అంటే ప్రాణం. "తాత నిన్ను గోడ దించాడు గదమ్మా. నన్ను దించమను, చూస్తాను."

గౌరీశ్వరికి ఆ మాట తేనెలా తగిలింది. పరిశోధనశాల పట్టీలు రోగులకే వాడాలి. రెండు పట్టీలు సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది.

తెల్లారి ఆరుగంటలకి మొదలుపెట్టేవారు. చేతుల్లో బెత్తాలూ డాళ్ళూ, ఒంటికి దూది కోట్లు, మెడకి మందపాటి తోలు కట్టు. ఇనుప కత్తి ముట్టుకోవడానికి లేదు. దసరా పదోనాడు పూజ చేశాకే గూటిలోంచి దించాలని కట్టడి. కేసెట్టులోంచి పైడినాయుడి వయసునాటి గొంతు ఖంగుమని వినబడేది. సూరి మొదటి వారం కోడిపుంజులా గంతులేశాడు. మూడో వారానికి వాడి కాలు నేల మీద జారే తీరు చూసి వీధిలో వాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. వాళ్ళది నలభై ఒకటో కేసెట్టులో సాము. చివరి వేటు హైమది. పడేది సూరి మెడ మీద.

"గట్టిగా తగిలిందా మావా?" అని రోజూ అడిగేది హైమ, తోలు కట్టు విప్పి మెడ మీద కొబ్బరినూనె రాస్తూ.

"దెబ్బ తగలని సామేటే! నీ సేతిలో పడుతున్నాను, అదృష్టం."

ముప్పై ఐదో రోజున మధ్యలో టేపు తెగిపోయింది. ఇద్దరూ ఆగలేదు. మిగతా సామంతా గొంతు లేకుండానే పూర్తిచేసి, బెత్తం సూరి మెడ కట్టు మీద పడ్డాకే నిలబడ్డారు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"అమ్మా, ఆపుదామనుకున్నానే. చెయ్యే వెళ్ళిపోయింది" అంది హైమ.

"అదే కదా కావలసింది" అంది గౌరీశ్వరి. ఆమె సంబరం అంతా ఇంతా కాదు. మొదటి మాట చాలు, పాఠం మొత్తం నడుస్తోంది అని పుస్తకంలో గీత గీసి మరీ రాసుకుంది. అయినా తల్లి మనసు కదా, సాయంత్రం టేపు లేకుండా ఇద్దరినీ నిలబెట్టి బెత్తం మెడ దాకా తెచ్చి ఆపమంది. చక్కగా ఆపారు. పదిసార్లు ఆపారు. "నేనేం కసాయోణ్ణా, ఆపకపోడానికి?" అన్నాడు సూరి. గొంతు వినిపిస్తూ ఆపమని ఒక్కసారి చూసి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఇక పైడినాయుడు. ఆయనకి కుడిపక్క పడిపోయింది, ఎడంచెయ్యి ఆడుతుంది. నోట మిగిలింది ఒక్కటే, "ఊఁ". ఆకలేసినా ఊఁ, కోపమొచ్చినా ఊఁ. ఆయన ఊఁ అన్నప్పుడల్లా ఇంట్లో సూరికీ హైమకీ ఎడంకాలు దానంతటది వెనక్కి వెళ్ళేది; చేతిలో బెత్తం లేదు గనక అక్కడితో ఆగేది. ఒకరోజు భోజనాల దగ్గర హైమ పులుసు గిన్నె పట్టుకుని ఉండగా తాత ఊఁ అన్నాడు. పులుసంతా సూరి ఒళ్ళో. "ఓలమ్మో, వస్తాదుగారూ, ఇంట్లో కూడానా!" అని వాడు లేచి గెంతుతుంటే అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ముసలాయన ఒక్కడే నవ్వలేదు.

సాధన మొదలైన నాటినుంచీ ఆయనకి ఒకటే పని. హైమ దగ్గరికి వస్తే చాలు, ఎడంచేత్తో పిల్ల కుడి మణికట్టు గట్టిగా పట్టేసుకునేవాడు. వదిలేవాడు కాదు. కళ్ళవెంట నీళ్ళు కారిపోయేవి. ఊఁ ఊఁ అనేవాడు, పిల్ల కాలు వెనక్కి వెళ్ళేది, ఆయన ఇంకా గట్టిగా బిగించేవాడు. గౌరీశ్వరికి ఒళ్ళు మండింది.

"ఇంకా మనసొప్పట్లేదా నాన్నా, ఆడపిల్ల చేతికి కత్తి ఇవ్వడానికి? నా జడ పట్టిన చెయ్యే కదా ఇది!" అని ఒక్కో వేలే విడదీసి ఆయన చేతిని ఆయన ఒళ్ళో పడేసింది. "ఆ జెండా నిలబెట్టేది నీ మగ శిష్యులు కాదు, ఈ పిల్లే. చూసి ఓర్చుకో."

ముప్పై ఆరేళ్ళ ఉక్రోషం ఆ వేళ్ళు విడదీసేటప్పుడు తీరింది. ఆ ముక్క తరవాత పోలీసులకి కూడా ఆవిడే చెప్పింది.

దసరా పదోనాడు మూడింటికల్లా బరి చుట్టూ జనం కిక్కిరిసిపోయారు. పసుపు రాసిన కత్తులు గూటిలోంచి దిగాయి. పాతకాలపు ఇనుము, పదును అంతంతమాత్రమే గానీ ఒక్కోటి గుమ్మడికాయంత బరువు. జనం ముందు బాగుండదని, పదిసార్లు ఆపిన చేతులే కదా అన్న ధీమాతో తోలు కట్టులు తీసేశారు. సూరి మీసానికి నూనె రాసుకుని తయారయ్యాడు. పైడినాయుణ్ణి కుర్చీలో తెచ్చి అంచున కూర్చోబెట్టారు. మైకు దగ్గర కేసెట్టు పెట్టి గౌరీశ్వరి మీట నొక్కింది. "ఊఁ!" అని గొంతు లౌడుస్పీకరులో పలికేసరికి ముసలి వాళ్ళు కొందరు ఏడ్చేశారు.

అప్పుడే జనాన్ని తోసుకుంటూ ఒకాయన వచ్చాడు. లెంక సన్యాసి. పైడినాయుడి తొలినాటి శిష్యుల్లో ఒకడు, ఖరగ్‌పూర్ రైల్వేలో చేసి రిటైరయ్యాడు. కబురు విని పరుగున వచ్చాడు. గురువు కాళ్ళకి దణ్ణం పెట్టి, గౌరీశ్వరి పక్కన నిలబడి, బరిలో పిల్లని చూసి మురిసిపోయాడు.

"అచ్చం మా వస్తాదు అడుగేనమ్మా! ఎంత బాగుంది! అవునుగాని, ఆయనకి కాలూ సెయ్యీ ఆడదు గదా. పాపకి మణికట్టు ఎవులు పట్టినారు?"

"మణికట్టు పట్టడమేంటి?"

సన్యాసి నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. "ఓలమ్మ! తెలీదేటి? పడింది అంటాడు గాని, పడదు గదమ్మా. వేలెడు దూరంలో కత్తి నిలబడిపోవాల. మొదటి మూడేళ్ళూ వస్తాదు ఎనకాల నిలబడి మణికట్టు పట్టుకుంటాడు. మాట పడింది అంటది, సెయ్యి ఆపుతాది. అలాగలాగ ఆపు ఒంటికి పడతాది. ఆపు అనే మాట బరిలో అనకూడదు. ఆ మాట కత్తి ఇంటే శత్రువు ముందర కూడా ఆగిపోతాదని పెద్దల ఆన."

అరవై మూడు కేసెట్లు. లెక్కలేనన్ని వేట్లు. దేనికీ జత మాట లేదు. కాంతమ్మ తెల్లబడ్డ వేళ్ళు గౌరీశ్వరి కళ్ళముందు ఆడాయి. హైమ మణికట్టు బిగించి పట్టుకున్న తండ్రి ఎడంచెయ్యి కూడా ఆడింది. ఆమె మైకు మీదికి దూకి కేసెట్టు లాగేసింది.

బరి నిశ్శబ్దమైంది. జోడీ ఇంకా మొదటి అడుగులే వేస్తున్నారు. గౌరీశ్వరి పరుగున బరిలోకి వెళ్ళి కూతురి చెయ్యి రెండు చేతులతో పట్టేసింది. ఆ చెయ్యి ఆమెని పక్కకి విసిరికొట్టి తన పని తాను చేసుకుపోబోయింది. సన్యాసి కూడా దూకి పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి బిగించి పట్టగా పట్టగా, ఒంట్లో పాఠం అయిపోయేదాకా పట్టగా, హైమ చెయ్యి వణికి వణికి చల్లబడింది. అవతల సూరి కూడా వట్టి గాలితో సాము ముగించుకుని నిలబడ్డాడు.

"ఏటయింది అప్పా?" అన్నాడు రొప్పుతూ, నవ్వుతూ.

గండం గడిచిందనే అనుకున్నారు అందరూ. గౌరీశ్వరి నేలమీద కూలబడి "కత్తులు కింద పెట్టండి, తల్లీ, కత్తి కింద పెట్టు" అంటోంది. సన్యాసి చెమట తుడుచుకోవడానికి చెయ్యి వదిలాడు.

కుర్చీలో ముసలాయన అంతా చూస్తున్నాడు. నలభై రోజులుగా చెప్పాలని గింజుకున్నది చెప్పలేకపోయాడు. ఇప్పుడు ఎవరో ఒకరికి తెలిసింది. ఆయన ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకున్నాడు. పట్టుకోండిరా, వదలకండిరా అని చెప్పాలనుకున్నాడేమో. ఆయన దగ్గర ఉన్నది ఒకటే మాట.

"ఊఁ!" అని అరిచాడు పైడినాయుడు.

హైమ ఎడంకాలు వెనక్కి వెళ్ళింది. సూరి డాలు లేచింది. "మావా, పరిగెత్తు!" అని పిల్ల కేక పెట్టింది. వాడు పరిగెత్తాలనే చూశాడు, పాదం మాత్రం సాములోకే జారింది. "హైమా, ఓసి హైమా..." అంటూనే వంగాడు, జారాడు, లేచాడు. మాటల నిదానం లేని సాము ఒక్క ఊపులో సాగి, గౌరీశ్వరి లేచి రెండడుగులు వేసేలోపు అయిపోయింది. ఆ వేటు ఎంత చక్కగా పడిందో చెప్పడానికి మనసు రావడం లేదు. జనంలో వెనకవాళ్ళు అది కూడా సాములో భాగమనుకుని చప్పట్లు కొట్టారు.

సూరి ఆస్పత్రి దాకా కూడా పోలేదు.

పోలీసులు ప్రమాదం కింద రాసుకున్నారు. గౌరీశ్వరి ప్రమాదం కాదని చెప్పింది, జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పింది. పరిశోధనశాల వాళ్ళు పలుకుపట్టీలన్నిటికీ తాళం వేసి, ఆమెని ఇంటికి పంపేశారు. సూరి భార్య రవణమ్మ వచ్చి తిట్టనూ లేదు, శాపనార్థాలు పెట్టనూ లేదు. కొక్కేనికి వేలాడుతున్న మొగుడి టిక్కెట్ల సంచి తీసుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

పట్టీకి నేర్పడమే తెలుసు, మాన్పడం తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు గౌరీశ్వరి వెతకని దారి లేదు. హైమ వంటింట్లోకి రావడం మానేసింది. కుడిచెయ్యి చీరకొంగుతో నడుముకి కట్టేసుకుని కూర్చునేది. పైడినాయుడు ఆ రోజునుంచి ఊఁ అనలేదు. దగ్గు వస్తే తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడు. ముసలాయన నీలం తిరిగిపోయినా తువ్వాలు తీసేవాడు కాదు.

మాఘమాసంలో ఒక పొద్దున ఆయన కుర్చీలోంచి పాకుతూ హైమ గది గుమ్మం దాకా వెళ్ళాడు. ఎడంచెయ్యి చాచాడు. పిల్ల కొంగు విప్పి, తన మణికట్టు ఆ చేతిలో పెట్టింది. ఈసారి గౌరీశ్వరి వేళ్ళు విడదీయలేదు. వెళ్ళి నలభై ఒకటో కేసెట్టు తెచ్చింది.

సూరి చోట తనే నిలబడింది. కట్టూ కోటూ వేసుకోలేదు. వెనక కుర్చీలో ముసలాయన పిల్ల మణికట్టు పట్టుకున్నాడు. బెత్తమే అయినా రోజూ ఆమె మెడ మీద పడేది. ఒంటిచేతి ముసలాయన బలం ఎంతని? వాతలు తేలి, చర్మం కమిలి నల్లబడింది. "చాలమ్మా, నా వల్ల కాదు" అని హైమ ఏడిస్తే "మళ్ళీ పెట్టు" అనేది గౌరీశ్వరి. ఎండాకాలం వెళ్ళింది. వానలు పడ్డాయి. బరిలో గడ్డి మొలిచింది. జెండా ఎవరు దించారో కూడా వాళ్ళు చూసుకోలేదు.

వినాయకచవితి వెళ్ళిన నాలుగోనాడు గొంతు ఎప్పటిలాగే చెప్పుకొచ్చింది. "వంగాడు, జారాడు, లేచాడు... మెడ మీద పడింది!" గౌరీశ్వరి అలవాటుగా పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది. దెబ్బ తగల్లేదు. కళ్ళు తెరిచి చూస్తే బెత్తం ఆమె మెడ పక్కన గాలిలో నిలబడి ఉంది.

హైమ బెత్తం కదపలేదు. ఎడంచెయ్యి మెల్లిగా ఎత్తి, బెత్తానికీ తల్లి మెడకీ మధ్య తన చూపుడువేలు పెట్టి చూసింది. సరిగ్గా సరిపోయింది.

"ఇంతేనా అమ్మా?" అంది. "మావకీ నాకూ మధ్య ఉండాల్సింది ఇంతేనా?"

వెనక పైడినాయుడు పిల్ల మణికట్టు ఇంకా వదల్లేదు.